ఎర్రచుక్కల లెక్క

“ఏంటండీ ఇవి, మార్కులా?”

చిన్నమేస్త్రి జాబ్ కార్డు ఎత్తి అతని ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుంది. కార్డు మీద ఆమె చేతిరాత: ‘గేర్ బాక్స్ ఆయిల్ లీకు. ఛాంబర్ గ్యాస్కెట్ మార్చాలి.’ దాని పక్కన ఎర్ర ఇంకుతో గుండ్రంగా ఒక సున్నా, సున్నాలో పదికి నాలుగు.

బల్ల అవతల నిలబడ్డ మనిషి దొంగకు తేలు కుట్టినట్టు చూశాడు. ఒక చేతిలో ఎర్ర ఇంకు పెన్ను, ఇంకో చేతిలో దాని మూత. బుకాయించడానికి వీల్లేదు.

“అలవాటండీ,” అన్నాడు చివరికి. “లెక్కల మాస్టార్ని. ఎదురుగా రాసిన కాగితం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.”

“సరే, అలవాటు. మరి నాలుగేంటి?”

“ఆన్సర్ రాశారు, స్టెప్స్ రాయలేదు. బండి ఇంకా గేటు దగ్గరే ఉంది. మీరు కిందికి తొంగి కూడా చూళ్లేదు. గ్యాస్కెట్ అని ఎలా తేల్చారు?”

“బండి ఆగిన చోట ఎర్ర చుక్కలు పడ్డాయి. ఇంజన్ ఆయిల్ అయితే నల్లగా ఉంటుంది, ఏసీ నీళ్లకి రంగే ఉండదు. ఎర్రగా జిడ్డుగా కారితే గేర్ బాక్స్ ఆయిలే. ఈ మోడల్ ఈ వయసుకొచ్చేసరికి అడుగునున్న ఛాంబర్ దగ్గరే కారుతుంది. చాలా?”

“బాగున్నాయే! ఇవన్నీ రాసుంటే ఏడు వేసేవాణ్ణి.”

“ఏడా!”

కౌంటర్ వెనక మేనత్త కిసుక్కుమంది. ఆవిడ ఆ షెడ్డులో ఫోన్లు ఎత్తుతుంది, విడిభాగాలు అందిస్తుంది, మిగిలిన టైములో స్వెట్టర్ అల్లుతుంది. పన్నెండేళ్లుగా అదే స్వెట్టర్.

చిన్నమేస్త్రికి ఒళ్లు మండిపోయింది. అతని చేతుల్లోంచి పెన్నూ మూతా లాక్కుని, మార్కుల కింద బరబరా రాసేసింది: ‘దిద్దడం వేరు, బిగించడం వేరు.’ పెన్ను తీసుకెళ్లి అతని చొక్కా జేబులో తనే గుచ్చింది.

“సాయంత్రం రండి మాస్టారూ. పదికి పది తీసుకుని వెళ్దురు గాని.”

మూత మాత్రం ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది. గుప్పిట్లోంచి ఓవరాల్ జేబులోకి జారుకుంది. చదివేవాళ్లు దయచేసి ఆ మూతని గుర్తుపెట్టుకోండి. ఆమె గుర్తుపెట్టుకోలేదు, ఇంత గొడవా అందుకే వచ్చింది.

అసలు ఆ నెలలో ఆమె ఎవరితోనూ మాట పడే స్థితిలో లేదు. షెడ్డు వాళ్ల నాన్నది. నడుం పట్టేసి, బండి కింద పడుకుంటే లేవలేని పరిస్థితి వచ్చాక, పెద్దమేస్త్రి తన నడుముకి మొలతాడులా ఎప్పుడూ ఉండే, గేర్ బాక్సుల పనిముట్ల అలమారా తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. పెడుతూ ఒక మెలిక కూడా పెట్టాడు.

“నెల రోజులు చూస్తా. ఒకే బండి ఒకే జబ్బుతో మూడోసారి మన గేటు తొక్కితే మాత్రం తాళంచెవి వెనక్కిచ్చెయ్యాలి. నువ్వు మళ్లీ ఆయిల్ మార్చుకోవడమే, టైర్లు తిప్పుకోవడమే.”

“రాదు నాన్నా.”

“రాకపోతే నాకంటే సంతోషించేవాడు ఎవడున్నాడమ్మలూ?”

కాబట్టి ఆ మధ్యాహ్నం చిన్నమేస్త్రి ఒళ్లు దగ్గర పెట్టుకునే పని చేసింది. లీకు ఆమె చెప్పిన చోటే ఉంది. పాత గ్యాస్కెట్ ఎండిన అప్పడంలా విరిగి ఊడొచ్చింది. కొత్తది వేసింది. బోల్టులు ఒక వరసలో కాకుండా ఎదురెదురుగా బిగించింది. ఆయిల్ కొలిచి పోసింది. ఇక మిగిలింది అడుగుభాగం శుభ్రంగా కడగడం. పాత జిడ్డు పోతేనే కదా, మళ్లీ కారితే తెలిసేది!

గేర్ బాక్స్ నెత్తిన, బ్యాటరీ చాటున, చిటికెన వేలంత గొట్టం ఒకటుంటుంది. నూనె వేడెక్కినప్పుడు లోపలి గాలి దాన్లోంచే బయటికి పోవాలి. పెద్దమేస్త్రి దాన్ని ‘ముక్కు’ అంటాడు. బండి కడిగేటప్పుడు నీళ్లు పోకుండా ముక్కుకి మూత పెట్టడం, కడిగాక మర్చిపోకుండా తియ్యడం ఆ షెడ్డు ఆచారం. ‘మూసిన చెయ్యే తెరవాలి’ అని గోడ మీద పెయింటుతో రాయించి మరీ పెట్టాడు.

రోజూ వాడే రబ్బరు మూత ఆ రోజు చీలిపోయి ఉంది. చిన్నమేస్త్రి జేబులు తడుముకుంటే ఏదో నల్లటి మూత చేతికి తగిలింది. పెట్టి చూస్తే కొలిచి చేసినట్టు సరిపోయింది. చుట్టూ నాలుగు చుట్లు టేపు వేసి, పైపు అందుకుని కడిగేసింది.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. చినుకూ చిటుకూ కాదు, కుండపోత. గేటులోంచి మాస్టారు నడుచుకుంటూ వస్తున్నాడు. పరుగెత్తుకు రావచ్చు కదా, రాడు. జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి, కళ్లజోడు మీదనుంచి నీళ్లు కారుతుంటే, ఎదురుగా ఏదో అద్భుతం చూస్తున్నట్టు నవ్వుతూ వస్తున్నాడు. భుజాన వేలాడే సంచిలోంచి పొడుగ్గా ఏదో బయటికి పొడుచుకొచ్చింది. లెక్కల మాస్టారు కదా, స్కేలేమో అనుకుంది చిన్నమేస్త్రి.

పైపు చేతిలో అలాగే ఉంది. నీళ్లు ఆమె బూట్లలోకే పోతున్నాయి.

“నీ కాళ్లకేమైనా లీకుందేమిటే, కడుక్కుంటున్నావు?” అని అత్త కేకేస్తే గాని ఆమె ఈ లోకంలోకి రాలేదు. గబగబా పైపు కట్టేసి, బానెట్ దించేసి, తాళాలు ఇచ్చేసింది. మాస్టారు “థాంక్సండీ మేస్త్రిగారూ” అన్నాడు. ఇంతవరకూ ఆమెని ఎవరూ అంత పొందిగ్గా మేస్త్రిగారూ అనలేదు.

అయిదో రోజు మాస్టారి బండి మళ్లీ గేటు దగ్గర ప్రత్యక్షమైంది. మనిషి చేతిలో చుట్టిన చార్టు ఒకటి.

“మళ్లీ కారుతోందండీ. ఊరికే మాటలెందుకని ఆధారం తెచ్చాను.”

చార్టు విప్పాడు. రాత్రిళ్లు బండి కింద పరిచిన తెల్ల కాగితం అది. నూనె పడ్డ ప్రతి చుక్క చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా, పక్కన తేదీ, టైము. కింద ఒక గ్రాఫు కూడా గీశాడు.

“ఆదివారం చుక్కే లేదు, చూశారా? ఆ రోజు బండి తియ్యలేదు. స్కూలుకి కొండ రోడ్డెక్కి వచ్చిన రోజు మాత్రం ఆరేడు. మా అమ్మ పొద్దున్నే లేచి ముందు ఇదే లెక్కపెడుతోంది.”

“ఇందులో మా ఆయిల్ ఏదో, మీ ఇంకు ఏదో చెప్పండి ముందు.”

“మా ఇంకు కాస్త ఎక్కువే కారుతోందండీ. పెన్నుకి మూత పోయింది. ఇక్కడేమైనా కనిపించిందా?”

“మాది మెకానిక్ షెడ్డండీ, స్టేషనరీ షాపు కాదు.”

బండి రావడం ఇది రెండోసారి, ఇంకొక్కసారి వస్తే తాళంచెవి పోతుంది. పైకి మాత్రం తొణకలేదు. కింద దూరి చూస్తే తను గ్యాస్కెట్ మార్చిన ఛాంబర్ పొడిగానే ఉంది. అయితే జిడ్డు ఎక్కణ్ణుంచో గాలికి కొట్టుకొచ్చి అంతటా పరుచుకుంది. అలాంటప్పుడు ఒకటే మార్గం. అడుగంతా తుడిచి పొడి చేసి, పౌడర్ చల్లి, బండిని వేడెక్కేదాకా తిప్పి తీసుకురావాలి. తెల్లటి పౌడర్ మీద తడి దారి ఎక్కడ మొదలైందో అదే లీకు.

“అత్తా, నీ పౌడర్ డబ్బా ఇలా పడెయ్.”

“నా మొహానికే చాలట్లేదు, గేర్ బాక్సుకా!” అంటూనే ఇచ్చింది. “మాస్టార్ని కూడా ఎక్కించుకెళ్లు. కొండ రోడ్డు ఆయనకి తెలుసు.”

కొండ రోడ్డు ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లికీ తెలుసు. అయినా ఎక్కించుకుంది.

“మీరు ఎప్పుడూ ఇంత నెమ్మదిగానే నడుపుతారా?” అని అడిగాడు మూడో మలుపు దగ్గర.

“నూనె నిదానంగా వేడెక్కాలి.”

“ఓహో. నేనింకేదో అనుకున్నాను.”

“ఏమనుకున్నారు?”

“స్టెప్స్ లేకుండా చెబితే మార్కులు పోతాయండీ.”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి గేరు మార్చబోయింది. అది గేర్లు మార్చక్కర్లేని బండి. చెయ్యి ఊరికే అటూ ఇటూ తిరిగి స్టీరింగ్ మీదికి వచ్చేసింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు గాని, అద్దంలో అతని పెదాలు ఆమెకి కనిపిస్తూనే ఉన్నాయి.

తిరిగొచ్చాక పౌడర్ మీద దారి స్పష్టంగా దొరికింది. కుడి యాక్సిల్ దగ్గరి ఆయిల్ సీలు. అది మార్చి పంపించింది. కాగితం వారానికోసారి తెస్తే చాలంది. అతను రోజూ స్కూలు వదలగానే తెచ్చాడు. తెచ్చినప్పుడల్లా, “మూత కనిపించిందా?” అని అడిగాడు. ఆమె అడిగినప్పుడల్లా ఒకే జవాబిచ్చింది. అత్త మాత్రం స్వెట్టర్‌లో కుట్లు తప్పుతూ కూర్చుంది.

మూడోసారి బండి వచ్చిన రోజు పెద్దమేస్త్రి గేటు దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నాడు. కూతురి నడుముకున్న తాళంచెవి వైపు ఒక చూపు, గోడ మీది కేలెండర్ వైపు ఒక చూపు చూసి, పేపర్ చదువుకున్నాడు. నెల పూర్తవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

చిన్నమేస్త్రి బండి కింద దూరి చూసింది. ఈసారి ఎడమ సీలు. కుడిది బాగుచేస్తే ఎడమది! ఇదేం బండి? బయటికొచ్చి లేచి నిలబడేసరికి ఎదురుగా మాస్టారి చొక్కా కనిపించింది. జేబు కింద అరచేయంత ఎర్ర మరక. చేతివేళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

ఆమె బుర్రలో దీపం వెలిగింది. రోజూ రావడం. రోజూ కాగితం. రోజూ లేని మూత కోసం అడగడం. ఇప్పుడు చొక్కా నిండా గేర్ బాక్స్ ఆయిల్.

“ఇటు రండి మాస్టారూ,” అని అలమారా వెనక్కి లాక్కెళ్లింది. “ఏ స్పానర్ వాడారు?”

“దేనికండీ?”

“సీలు లేపడానికి. మీరే పొద్దున్నే బండి కింద దూరి ఏదో కెలుకుతున్నారు. రావడానికి సాకు కోసం. అవునా, కాదా?”

మాస్టారు ఎర్రబడ్డ తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

“మీ సరదాకి నా తాళంచెవి పోతోంది. తెలుసా మీకు? ఈ బండి మూడోసారి వచ్చినందుకు ఈ పని నా చేతుల్లోంచి పోతుంది. ఎన్నేళ్లు నేర్చుకున్నాను దీన్ని!” ఆమె తాళంచెవిని పట్టుకుని అతని ముందు ఆడించింది.

అతని మొహంలో చిలిపితనం చప్పున ఆరిపోయింది. “స్టెప్స్?” అన్నాడు మెల్లగా.

“ఈ మరక చాలదా?”

“మీరు మెకానిక్. మరకని చూసే చెప్పేస్తారా, పరీక్ష చెయ్యరా?”

ఆమె పక్కనున్న చెంబులోంచి నీళ్లు దోసిట్లోకి తీసుకుని అతని జేబు మీద కొట్టింది. నూనె అయితే మరక కదలదు, నీళ్లే జారిపోతాయి. ఈ మరక కదిలింది. గులాబీరంగులో పొట్ట దాకా పాకింది.

ఇంకు.

“మూత లేని పెన్ను జేబులో పెట్టుకుంటే ఇంతేనండీ,” అన్నాడు. “మూడు చొక్కాలు పోయాయి. మా అమ్మ చొక్కాలు కూడా లెక్కపెడుతోంది. ఇంకో విషయం చెప్పనా? సాకు కోసం బండి పాడుచేసుకోవడం దేనికి? పెన్ను మూత చాలదా? ఆ మాటకొస్తే కొత్త పెన్ను కొనుక్కోవచ్చు. కొనుక్కోలేదు. తప్పు అంతవరకే ఒప్పుకుంటాను.”

ఇంకో సమయంలో అయితే ఆ మాటకి ఆమె చెవులు ఎర్రబడేవి. కాని ఆమె వేరే మాట దగ్గర ఆగిపోయింది.

“ఆ మూత ఎలా ఉంటుంది?”

“నల్లగా. అంచున బంగారు రంగు గీత.”

“నల్లగా,” అంది చిన్నమేస్త్రి. రెండడుగుల్లో బండి దగ్గరికెళ్లి, బానెట్ ఎత్తి, బ్యాటరీ చాటుకి మోచెయ్యి దాకా చెయ్యి దూర్చింది. టేపు తగిలింది. విప్పి లాగింది. ఉస్సుమని గాలి వదిలింది బండి, ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టినట్టు.

ఆమె అరచేతిలో నల్లటి మూత. అంచున బంగారు రంగు గీత.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత అత్తకి గుర్తొచ్చింది గాని, మేనకోడలి మొహం చూసి మింగేసింది.

“ముక్కు మూసేశాను,” అంది చిన్నమేస్త్రి మాస్టారితో. “లోపల వేడి గాలికి దారి లేదు. అందుకే ఒకసారి ఈ సీలులోంచి, ఒకసారి ఆ సీలులోంచి నూనెని తోసింది. కొండ ఎక్కిన రోజు ఎక్కువ తోసింది. మీ గ్రాఫు మొదటి రోజే చెప్పింది, నాకే ఎక్కలేదు. పైగా మిమ్మల్ని అన్నాను. సారీ అండీ.”

“అరె, పర్లేదండీ...”

“పర్లేదంటే కుదరదు. మా షెడ్డులో కారణం రాయాలి.”

అదే అసలు చిక్కు. జాబ్ కార్డులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అది పెద్దమేస్త్రి చదివి సంతకం పెడితే గాని బండి గేటు దాటదు. ‘మూత తియ్యడం మర్చిపోయాను’ అని రాస్తే మొదటి ప్రశ్న ఏమొస్తుందో ఆమెకి తెలుసు. పదేళ్లలో ఒక్కసారి కూడా మర్చిపోనిదానివి ఇప్పుడెందుకు మర్చిపోయావమ్మలూ? ‘కుమ్మరిపురుగు గూడు కట్టింది’ అని రాసేస్తే ఎవరికీ తెలియదు. ముక్కులు పూడేది ఎక్కువగా ఆ మట్టిగూళ్లతోనే. తాళంచెవి నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది.

ఎడమ సీలు మారుస్తున్నంతసేపూ ఆ కుమ్మరిపురుగు ఆమె చెవిలో రొద పెట్టింది.

పనయ్యాక చేతులు తుడుచుకుని, మాస్టారి ముందు చెయ్యి చాచింది. “పెన్నివ్వండి.”

ఎర్ర ఇంకుతో, తప్పించుకోవడానికి వీల్లేకుండా పెద్దక్షరాలతో రాసింది.

‘స్టెప్ 1: బండి కడిగేముందు ముక్కుకి మూత పెట్టాను. ఆ మూత మాస్టారి పెన్నుది. స్టెప్ 2: వాన వచ్చింది. స్టెప్ 3: మాస్టారు వానలో తడుస్తూ వచ్చారు. స్టెప్ 4: నేను ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. స్టెప్ 5: మూత తియ్యడం మర్చిపోయాను. ఆన్సర్: తప్పు నాది.’

కార్డు అతని చేతిలో పెట్టి, బూట్లు చూసుకుంటూ నిలబడింది. “దిద్దుకోండి.”

మాస్టారు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

“ఒక స్టెప్ తగ్గిందండీ.”

“ఇంకేం కావాలి మీకు? అంతా రాశానుగా!”

“ఇది మీకు తెలిసే అవకాశం లేదు,” అంటూ అతనే మూడో స్టెప్ పక్కన ఇరికించి రాశాడు: ‘మాస్టారి సంచిలో గొడుగు ఉంది. మేస్త్రిగారు తనవైపే చూస్తున్నారని తెలిసి, తెరవడం మర్చిపోయాడు.’

చిన్నమేస్త్రి తలెత్తింది. “అది స్కేలు కాదా?”

“అంత లావు స్కేలుంటుందా అండీ!”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వి ఆపలేకపోయారు. అత్త ఊలు ఉండ కింద పడేసుకుని, అది తియ్యడానికి వంగి, బల్ల కిందే కాసేపు ఉండిపోయింది పాపం, మర్యాద తెలిసిన మనిషి.

కార్డులో చివరి గడి ఒకటి మిగిలింది: ‘మళ్లీ రావలసిన రోజు’. చిన్నమేస్త్రి రాసింది: ‘రేపు. బండి లేకుండా.’

అప్పుడు తాళంచెవి నడుమునుంచి విప్పి, కార్డుతో పాటు తీసుకెళ్లి నాన్న ముందు పెట్టింది.

పెద్దమేస్త్రి కార్డు మొత్తం చదివాడు. స్టెప్ బై స్టెప్ చదివాడు. మధ్యలో ఒకసారి మాస్టార్ని కిందినుంచి పైదాకా చూశాడు. మాస్టారు, వంద మంది పిల్లల్ని గడగడలాడించే మనిషి, వెనక బెంచీ కుర్రాడిలా చేతులు కట్టుకున్నాడు.

“నలభై ఏళ్లుగా చూస్తున్నా ఈ గడిని,” అన్నాడు పెద్దమేస్త్రి. “ప్రతివాడూ కుమ్మరిపురుగు అనే రాస్తాడు. నేను కూడా రెండుసార్లు రాశాను.”

తాళంచెవి ఆమె వైపు తోసేశాడు.

“మూడోసారి కదా నాన్నా...”

“ఒకే జబ్బుతో అన్నాను. మొదటిది గ్యాస్కెట్. తర్వాత రెండూ ముక్కు. నా లెక్కలో రెండుసార్లే. ఏం మాస్టారూ, లెక్క కరెక్టేనా?”

“నూటికి నూరండీ!”

“అడిగినదానికంటే ఎక్కువ మార్కులు వేసేవాణ్ణి నేను నమ్మను,” అన్నాడు పెద్దమేస్త్రి. “పెన్నిలా ఇవ్వండి.”

సంతకం పెట్టాడు. చివరి గడి దగ్గర చెయ్యి ఆగింది. ‘రేపు. బండి లేకుండా’ అన్నది అడ్డంగా కొట్టేశాడు. ఆయన దాని పైన నిదానంగా, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాశాడు: ‘ఆదివారం. అమ్మగారితో కలిసి, మా ఇంటికి.’

“చొక్కాలు పోయినందుకు ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాలిగా,” అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. కార్డు కూతురికిచ్చి, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ పెన్ను తన జేబులో గుచ్చుకుని, పేపర్ తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు.

మూత ఇంకా చిన్నమేస్త్రి గుప్పిట్లోనే ఉంది. నాన్న చొక్కా జేబు కింద అప్పుడే ఒక ఎర్ర చుక్క మొదలైంది. అత్త చూసి నోరు తెరవబోయింది. చిన్నమేస్త్రి వేలు పెదాల మీద పెట్టి వద్దని సైగ చేసింది.

“చెప్పొద్దా?” గుసగుసగా అడిగాడు మాస్టారు.

“ఆదివారం చెబుదాం,” అంది.